పెద్దమ్మ చెప్పిన హామ్

“ఉప్పు, పసుపు రుద్ది కడిగిన పెద్దమ్మా,” అంది శ్రీలత.

ఫోన్లో అవతలి గొంతు వెంటనే అడిగింది.

“ఎంత ఉప్పు?”

“దోసెడు.”

“కడగమని ఎవరు చెప్పిన్రు?”

“ఎవరు చెప్పాలె? మా ఇంట్ల ఏ మాంసం తెచ్చినా గట్లనే కడుగుతం.”

“అది ముందుగాలనే పది దినాలు ఉప్పునీళ్లల్ల మునిగి వచ్చింది బిడ్డా. దానికి నువ్వు ఇంకో దోసెడు తినిపిచ్చినవ్. మంచిగుంది.”

శ్రీలత చేతికంటిన ఉప్పు దులుపుకుంది. బల్ల మీద నాలుగు కిలోల పంది తొడ గులాబీ రంగులో మెరుస్తోంది. టైము ఎనిమిది. హుజూర్‌నగర్ దగ్గర ఏటి పక్కనున్న ఆ రిసార్టుకు, ఈస్టర్ భోజనానికి హైదరాబాద్ నుంచి ఇరవై మంది వస్తున్నారు. హామ్ కావాలని పది రోజుల ముందే చెప్పి, తొడ కూడా వాళ్లే పంపారు. వండాల్సిన మాస్టర్ మొన్న యజమానితో కొట్లాడి వెళ్లిపోయాడు.

యజమాని మురళీమోహన్ నిన్న ఒకటే మాట అన్నాడు. “ఈ ఒక్క పూట గట్టెక్కిస్తే వంటిల్లు నీ చేతికిస్త. లేకుంటే సోమవారం కొత్త మాస్టర్ వస్తడు. నువ్వు మళ్ల ఉల్లిగడ్డలు కోసుకో.”

మూడేళ్లుగా ఆమె కోస్తున్నవి ఉల్లిగడ్డలే.

పెద్దమ్మ నంబరు ఇచ్చింది వాచ్‌మన్ దుర్గయ్య. “నార్కట్‌పల్లిల ఉంటది. ముప్పయ్యేండ్లు మిషన్ దవాఖాన తెల్ల డాక్టర్ దొరల బంగ్లాల వండింది. అక్కడి క్వార్టర్లల్ల అందరం పెద్దమ్మ అనే పిలుస్తుంటిమి. నువ్వు గూడ గట్లనే పిలువు, సంబురపడ్తది.”

“ఏడుస్తున్నవా?” అంది ఫోన్లో పెద్దమ్మ.

“లేదు.”

“ఏడ్వకు, నీ కండ్లల్ల గూడ ఉప్పే ఉంటది. పెద్ద గిన్నెల మునిగేటట్టు సల్లని నీళ్లు పొయ్యి. గంటల మూడు మాట్ల మార్చు. తర్వాత కొత్త నీళ్లల్ల సన్న మంట మీద అర్ధగంట కాగనియ్యి. ఆ నీళ్లు గూడ పారబొయ్యి. అవును, నువ్వు తింటవా అది?”

“తింట.”

“అయితె ఇయ్యాల నీ నాలికనే మనకు దిక్కు. అంచు మీద ఇంత కోసి నోట్లె వేస్కొని చెప్పు.”

తొమ్మిదిన్నరకు చెప్పింది శ్రీలత. “ఉప్పుంది గని, మంచిగనే ఉంది.”

“దొరసాని గూడ గట్లనే అనేది. ఇగ పైన కొవ్వును గళ్లుగళ్లుగ కొయ్యి. కండకు కత్తి తగలొద్దు. ట్రేల రెండు గిలాసల నీళ్లు పోసి, రేకు కాయితం గట్టిగ కప్పి ఓవెన్ల పెట్టు. జర సేపైనంక ఫోను తలుపు కాడికి తే. నేను వింట.”

“వింటరా?”

“వింట.”

శ్రీలత ఫోన్ పట్టుకుని వంగింది. లోపల చిటపటలు.

“మంట ఎక్కువైంది. తగ్గియ్యి. అది కొట్లాడొద్దు, గుసగుసలాడాలె.”

మంట తగ్గించింది. గుసగుస మొదలైంది. అరగంటకోసారి ట్రేలోని రసాన్ని గరిటెతో తీసి పైన పోసింది. పన్నెండున్నరకు పెద్దమ్మ రేకు తీయించి, బత్తాయి రసంలో బెల్లం, ఆవపిండి కలిపి పూయించింది.

“రంగు చెప్పు.”

“కుంకుడు గింజ లెక్క.”

“అంత నల్లగనా?”

“కాదు కాదు. కుంకుడు కాయ లెక్క.”

“ముందుగాల గట్ల చెప్పరాదు? గుండె ఆగినంత పనైంది. తొడల బొక్క పట్టి కదిలియ్యి, కండ ఇడుస్తే ఉడికినట్టు.”

“కదుల్తాంది.”

“దించు. ఇరవై నిమిషాలు ఎవ్వర్నీ ముట్టనియ్యకు. ఇప్పుడు కోస్తే రసమంత బల్ల తాగుతది, చుట్టాలకు పీచు మిగుల్తది.”

ఫోన్ పెట్టేసిన నిమిషానికే మురళీమోహన్ కత్తితో లోపలికి వచ్చాడు. “అందరు కూసున్నరు. కోసియ్యి.”

ఆయన ముందు శ్రీలత ఎన్నడూ తల ఎత్తి మాట్లాడలేదు.

“ఇరవై నిమిషాలు ఆగాలె సార్.”

“ఆకలి మీదున్నరు.”

“సలాడ్ పంపుత. అది మాత్రం ముట్టనియ్య.”

ఆయన ఆమె వంక, ఆమె చేతులు చాచి అడ్డు నిలబడ్డ బల్ల వంక చూశాడు. కత్తి అక్కడ పెట్టి బయటికి నడిచాడు.

ఇరవై నిమిషాల తర్వాత కోస్తే ముక్క ముక్కకూ తడి మెరిసింది. మొదటి పళ్లెం ఖాళీగా వచ్చింది. రెండోదీ అంతే. చివరికి తెల్లజుట్టు అమ్మగారొకరు చేతికర్ర పట్టుకుని వంటింటి గడప దాకా వచ్చారు. “ఇంత మెత్తగ, ఇంత రసంతోని మా అమ్మ తర్వాత ఎవ్వరూ వండలే,” అన్నారు.

మురళీమోహన్ ఆమె వెనకే నిలబడి విన్నాడు. స్టోరు రూము తాళంచెవి తెచ్చి శ్రీలత ముందు పెట్టాడు.

మూడు గంటలకు ఆమె మళ్లీ ఫోన్ చేసింది.

“పెద్దమ్మా, వంటిల్లు నాదైంది.”

“నీదే అయితదని నాకు పొద్దుగాలనే ఎర్క. ఎన్నిమాట్ల తిట్టినా ఫోను పెట్టకపోతివి.”

“మీకోసం నాలుగు ముక్కలు దాచిన. దుర్గయ్యన్నతోని పంపుత.”

“నాకొద్దు బిడ్డా. నువ్వు తిను.”

“పండ్లు లేవా?”

“ముప్పై రెండున్నయి, లెక్కబెట్టుకుందువు రా,” పెద్దమ్మ నవ్వింది.

శ్రీలత కొత్త నోటుబుక్కు తీసి మొదటి పేజీలో ‘హామ్’ అని రాసింది. దాని కింద నేర్పిన వాళ్ల పేరు ఉండాలనిపించింది.

“మీ అసలు పేరు చెప్పున్రి పెద్దమ్మా, బుక్కుల రాసుకుంట.”

“లాడ్లీ బేగం అని రాసుకో బిడ్డా.”