ఆకుపచ్చ అట్ట పుస్తకం

ఉగాది వస్తోందని మా ఆయన గణేష్‌బాబు గారు కిటికీ పక్కన చదువుకునే మూల ఒకటి తయారుచేయించారు. ఇంట్లోకి వసంతం రావాలట. ఊగే కుర్చీ, ఆకుపచ్చ దిళ్లు, కుండీలో ప్లాస్టిక్ పూలు. బయట వేపచెట్టు పూత కారు మీద రాలుతోందని కిందటి వారమే కొట్టించేశారు.

రొయ్యల మేత అమ్ముకునే గణేష్‌బాబు గారు పుస్తకం ముట్టుకోగా నేనెప్పుడూ చూడలేదు. “మరి పుస్తకాలేవండీ?” అని అడిగాను.

రాజమండ్రిలో పాత పుస్తకాల కొట్టు నుంచి రెండు బస్తాలు దింపించారు. అట్టల రంగు చూసి తనే సర్దారు. ఎర్రవి దిళ్లకి నప్పలేదని అటకెక్కించారు.

పండగ పొద్దున్న నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, చీరకి మ్యాచింగని ఆకుపచ్చ అట్ట పుస్తకం ఒకటి చేతిలో పెట్టారు. “ఫొటో తీస్తాను, చదువుతున్నట్టు మొహం పెట్టు. నీకు కష్టమేలే.”

తెరిచాను. పేజీల మధ్య తెల్లటి లేసు ముక్క ఉంది. నరసాపురంలో మా అమ్మ పక్కన కూర్చుని నేను అల్లిందే. ఒక మూల అల్లిక తప్పితే అమ్మ నవ్వింది కూడా.

పెళ్లయిన కొత్తలో, చెదలు పడతాయని నా పుస్తకాలన్నీ పాత పేపర్లవాడి బండి ఎక్కించింది ఈయనే. అప్పటికి ఈ నవల సగంలో ఉన్నాను.

“ఫొటో అదిరింది. ఇక దాన్ని తీసినచోటే పెట్టెయ్, వరస పాడవుతుంది” అన్నారు, నా పుస్తకాన్నే మళ్లీ కొనుక్కొచ్చిన మహానుభావుడు.

లేసు ముక్క తీసి ఒళ్లో పెట్టుకుని, ఆగిన చోటి నుంచి మొదలుపెట్టాను.

“కాస్త పక్కకి జరగండి” అన్నాను. “వెలుతురుకి అడ్డొస్తున్నారు.”