మెడలో కత్తెర

"గిరీ, ఆ మనిషి మన పాప జడనే చూస్తున్నాడు," అంది పల్లవి భర్త చెవిలో గట్టిగా.

గిరిధర్ నవ్వేశాడు. అంత బారు జడను ఎవరు చూడరు?

ఏడేళ్ళ సహనకు జడ నడుము దాటింది. చివర ఎర్ర కుచ్చులు. మూడేళ్ళ కింద పాప చావుబతుకుల్లో ఉన్నప్పుడు తిరుమలకు మొక్కుకున్నారు. వచ్చే శనివారమే తలనీలాలు. అంతవరకూ కత్తెర తగలకూడదు.

పొద్దున హూడిలోని ఇంటి నుంచి కారులో నంది కొండకని బయలుదేరారు. అక్కడి జనాన్ని చూసి విసుగు పుట్టి, దొడ్డబళ్ళాపురం దారి పట్టారు. పనిగట్టుకుని ఎవరూ చూడటానికి రాని ఊరు. అదే వాళ్ళకు తెగ నచ్చేసింది. పళ్ళెమంత తట్ట ఇడ్లీ తిన్నారు, కనకాంబరాలు కొన్నారు. ఏ సందులోకి తిరిగినా మగ్గాల టకటకే.

చీర నేయడం చూస్తామంటే మునిరాజు అనే ఆయన తన షెడ్డులోకి పిలిచాడు. చీరలు తెస్తానని లోపలికి వెళ్ళాడు.

అక్కడున్నాడు ఆ మనిషి, నేతగాడు కదిరప్ప. మెడలో నల్లదారానికి చిన్న కత్తెర వేలాడుతోంది.

మరమగ్గాల మోతలో ఎవరి మాటా ఎవరికీ వినపడదు. నేసేవాళ్ళంతా చేతులతోనే మాట్లాడుకుంటున్నారు.

కదిరప్ప సహనను చూపించి, తన మెడ వెనక చెయ్యి గుండ్రంగా తిప్పి, నెత్తిమీదికి లాగాడు. మళ్ళీ అలాగే చేశాడు.

"జడ అమ్ముతారా అని అడుగుతున్నట్టున్నాడు!" భర్త చెవిలో అరిచింది పల్లవి, ముఖం మాడ్చుకుని.

"ఏయ్! నీ పని నువ్వు చూసుకో!" గిరిధర్ వేలు చూపించి బెదిరించాడు.

సహన రంగుల పట్టు చూస్తూ మగ్గం పక్కకు వంగింది.

కదిరప్ప ఒక్క దూకు దూకాడు. పాప జడ పట్టుకుని మెడ దగ్గర కసకసా కోసేశాడు. పాపను వెనక్కి విసిరేశాడు.

పాప గడ్డం నేలకు తగిలి చిట్లింది.

గిరిధర్‌కు ఒళ్ళు తెలియలేదు. కదిరప్ప చొక్కా పట్టి లాగి మూతిమీద గుద్దాడు. పడిపోతే డొక్కలో తన్నాడు. చేతికందిన, పోగు నడిపే చెక్క నాడెతో ముఖం మీద బాదాడు. పల్లవి చెప్పు తీసుకుని కొడుతూ అరిచింది.

"దేవుడి జుట్టురా అది! అమ్ముకుంటావా?"

కదిరప్ప తిరిగి చెయ్యెత్తలేదు. కత్తెర పట్టిన ఆ కుడిచేతిని గిరిధర్ బూటుతో తొక్కాడు. వేళ్ళు విరిగిన చప్పుడు మోతలో కలిసిపోయింది.

మునిరాజు పరిగెత్తుకొచ్చి మెయిన్ స్విచ్ దించాడు.

మగ్గాలన్నీ ఆగాయి. పాప ఏడుపొక్కటే మిగిలింది.

"జడేదిరా? ఎక్కడ దాచావు?" గిరిధర్ రొప్పుతూ అరిచాడు.

మునిరాజు మగ్గం కిందికి చూపించాడు.

తిరిగే ఇనప ఇరుసుకు పాప జడ మోకులా బిగుసుకుని ఉంది. ఎర్ర కుచ్చులు లోపల ఎక్కడో నలిగిపోయాయి. ఇంకొక్క చుట్టు తిరిగుంటే పాప తల అక్కడ ఉండేది.

పల్లవి చేతిలో చెప్పు జారిపోయింది.

నేలమీద కదిరప్ప ఎడమచెయ్యి కదిలింది. నెత్తుటి ముఖంతో పాపనే చూస్తూ, ఆ చేతిని మెడ వెనక గుండ్రంగా తిప్పి, నెత్తిమీదికి లాగాడు.

"జుట్టు ముడేసుకోమంటా ఉండాడు," అన్నాడు మునిరాజు. "ఆడోళ్ళు షెడ్డులోకి వస్తే మేము చేసే సైగ అది. ముందే చెప్పకపోవడం నా తప్పు."

గిరిధర్ కదిరప్ప పక్కన చేరి చేతులు జోడించాడు. "అన్నా, నాకు తెలీదన్నా..."

మునిరాజు ఆ నలిగిన వేళ్ళకు తువ్వాలు చుట్టాడు. "ఈ చేత్తో ఇంక పోగు ముడేయలేడప్పా."

పల్లవి పాపను పొదువుకుని అడిగింది. "ఆ కత్తెర... ఎప్పుడూ మెడలోనే ఉంటుందా?"

"ఇదే మగ్గానికి కదిరప్ప కూతురి జడ చుట్టుకునింది తల్లీ. ఆ పొద్దు చేతికి కత్తెర అందలేదు."