నోరు తగ్గే గోలీ

“చుట్ట మానేశావా?” అని భద్రాచలం దవాఖానాలో డాక్టరు అడగ్గానే, పోయినేడు గుండెనొప్పి వచ్చిన దూలయ్య బుద్ధిగా తలూపాడు.

“మానలే సారూ. కొట్టంల నక్కి తాగుతుండు. పొగ జూసి గడ్డి అంటుకుందని బిందెడు నీళ్లు కుమ్మరించిన,” అంది భార్య ముత్తక్క.

“ముందు దీని బీపీ జూడుండ్రి. నోరు తగ్గే గోలీ ఇయ్యుండ్రి,” అన్నాడు దూలయ్య.

డాక్టరు నవ్వుతూ ఆమె చేతికి బీపీ పట్టీ చుట్టాడు. మళ్లీ చుట్టాడు. ఈసారి నవ్వలేదు.

“నీకంటే ఈమెకే చాలా ఎక్కువుంది. గుండెకు ప్రమాదం. తలనొప్పి రాదా అమ్మా?”

“వస్తది. ఈయనతోని కాపురం గద, గట్లనే ఉంటదనుకున్న.”

దూలయ్యకు ఇంట్లో ఇద్దరి కంచాలు గుర్తొచ్చాయి. తనకు చప్పటి కూర వేరే వండిపెట్టి, ఆమె ఏడాదిగా ఊరగాయతోనే తింటోంది.

“రేపటి సంది ఇద్దరికీ నేనే చప్పగ వండుత,” అన్నాడు.

“నువ్వా?” ముత్తక్క గుండె పట్టుకుంది. “సారూ, దడ ఇప్పుడు మొదలైంది!”