లక్ష్మణ్ గుండె కణాలు

సాఫ్ట్‌వేర్‌లో చేరిన నా స్నేహితురాళ్లు ఈపాటికి కార్లు కొన్నారు. నాకు నిద్ర కూడా లేదు.

మౌలాలిలోని మా ల్యాబులో కణాలు పెంచే గాజు డిష్‌లు రెండున్నాయి. ఒకదానిలో ఒక హృద్రోగి రక్త కణాలను మార్చి పెంచిన గుండె కణాలు, రెండోదానిలో మా వాచ్‌మన్ లక్ష్మణ్‌వి. పోల్చి చూడ్డానికి ఆరోగ్యవంతుల రక్తం కావాలంటే ల్యాబులో పనిచేసేవాళ్లనే అడగడం మాకు అలవాటు.

జబ్బుకు కారణమనుకుంటున్న ప్రోటీన్‌ను కణం చేతే నాశనం చేయించే మందు మా దగ్గరుంది. ఆ ప్రోటీన్ లేకపోతే కణం ఏమవుతుందో చూస్తే, అసలది చేసే పనేంటో తెలుస్తుంది. ఈ రాత్రి ఆ మందు రోగి డిష్‌లోనే వెయ్యాలి.

"జెర ఇంటికి పోండ్రి మేడమ్, గిట్ల నిద్ర లేకుంటే ఎట్ల?" అన్నాడు లక్ష్మణ్ తలుపు దగ్గర నిలబడి. తర్వాత కర్ర నేలకు తాటిస్తూ వరండాలోకి నడిచాడు.

మూతపడుతున్న కళ్లతో మందు వేశాను. మైక్రోస్కోపులో కణాలు కొట్టుకోవడం నెమ్మదించింది. బయట కర్ర చప్పుడు కూడా నెమ్మదించింది. అప్పుడు చూశాను డిష్ మీద పేరు. రోగిది కాదు.

కణాలు ఆగిపోయాయి. వరండాలో చప్పుడు లేదు.

"లక్ష్మణ్!"

డిష్‌లోంచి మందు కడిగేశాను. చాలాసేపటికి కణాలు ఒక్కసారి కదిలాయి. వరండాలో కర్ర ఒక్కసారి నేలకు తగిలింది.

మళ్లీ ఏమీ లేదు. కణాలు ఆ ప్రోటీన్‌ను పూర్తిగా తిరిగి తయారుచేసుకునేసరికి తెల్లారుతుంది.