అంటుకున్న యాస

అమ్మణ్ణిగారు కాకినాడ నుంచి హైదరాబాద్ కొండాపూర్‌లో దిగింది మనవడికి మాటలు నేర్పడానికి. ఏడాదిన్నర దాటినా వాడింకా నోరు విప్పలేదు. తొలి మాటే ‘నానమ్మా’ అని పలికిస్తానని చెల్లెళ్ల దగ్గర గొప్పలు చెప్పుకుని మరీ వచ్చింది.

కొడుకు లోహిత్, కోడలు ఉమాశ్రీ ఇంట్లో ఉన్నా లేనట్టే. చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని చెరో గదిలో మీటింగుల్లో ఉంటారు. బాబును చూసుకునేది ఆయా సాయమ్మ. బోరబండ నుంచి వస్తుంది. రోజంతా వాడు ఆమె చంకలోనే.

“సాయమ్మ గురించి మీకొకటి చెప్పాలండీ అత్తయ్యగారూ,” అంది ఉమాశ్రీ, ఆవిడ వచ్చిన రోజే.

“పనిమనుషుల పురాణాలు నాకెందుకమ్మా!”

ఆవిడ పనివాళ్లతో మాట్లాడదు. వేలు చూపిస్తుంది, అంతే. సాయమ్మ తలూపి ఆ పని చేసుకుపోతుంది.

మాట్లాడదు గానీ, వాళ్ల మాటలంటే ఆవిడకు మహా వినోదం. ఓ పొద్దున అపార్ట్‌మెంట్ కింద వాచ్‌మన్ నర్సింహ, “ఏందమ్మా, గిట్ల ఎండల కూసున్నరు? జర నీడకు రాండ్రి,” అన్నాడు, పాపం మంచికే. ఆవిడ పైకొచ్చి చెల్లెలికి ఫోన్ కలిపింది.

“‘ఏందీ! గిట్ల!’ అంటాడే! అదీ ఒక భాషేనా?” అంటూ మూతి వంకర పెట్టి, చెయ్యి గాల్లో తిప్పి, నర్సింహను అచ్చం దించేసింది. చెల్లెలు పగలబడి నవ్వింది. ఇంకేం, ఆవిడకు రోజూ అదే పని అయింది.

ఆ బుధవారం కొడుకూ కోడలూ ఆఫీసుకు వెళ్లారు. చెల్లెళ్లు, మరదళ్లు అందరూ వీడియో కాల్‌లోకి వచ్చారు.

“నానమ్మా అను, నా బంగారు కదూ!”

వాడు ఫోన్‌లోకి చూశాడు. మూతి వంకర పెట్టాడు. చెయ్యి గాల్లో తిప్పాడు.

“ఏందీ!”

అటువైపు ఒకటే నవ్వులు. అమ్మణ్ణికి తల కొట్టేసినట్టయింది. ఫోన్ కట్టేసి వంటింట్లోకి దూసుకెళ్లింది.

“నువ్వే కదూ నేర్పింది? మా ఇంటావంటా లేని మాట వాడికెలా వచ్చింది? చెప్పు!”

సాయమ్మ బెదిరిపోయి రెండు చేతులూ అడ్డంగా ఊపింది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

“అడుగుతుంటే బదులు కూడా చెప్పదు, ఎంత పొగరో! పో, మళ్లీ ఈ గుమ్మం తొక్కకు.”

సాయమ్మ బాబు తల నిమిరి, చెప్పులేసుకుని వెళ్లిపోయింది. వాడు గుక్కపట్టి ఏడ్చాడు.

సాయంత్రం లోహిత్ వస్తూనే అడిగాడు. “సాయమ్మ ఏదమ్మా?”

“తరిమేశాను. పసివాడికి దాని యాస అంటించేసింది.”

లోహిత్ నెత్తి కొట్టుకున్నాడు.

“అయ్యో అమ్మా! వాడికి ఆ యాస అంటకూడదనే కదా, వెతికి వెతికి మూగదాన్ని పెట్టుకున్నాం!”