పిట్ట ముట్టని ముద్ద

బాపు పోయిన మూడో రోజు ఆయనకు ఇష్టమైన తలకాయ కూర వండి, సర్కారు మా ఊరోళ్లకిచ్చిన కొత్త కాలనీ చివర ఖాళీ జాగలో విస్తరి పెట్టాం. పిట్ట ముట్టకపోతే పోయినవారికి ఏదో కోరిక మిగిలినట్టే.

ఎండ ఎక్కింది. ఒక్క కాకీ రాలేదు.

"బతికున్నప్పుడు గూడ గంతే. అందర్ని తిననిచ్చి ఆఖర్ల తినెటోడు," అని నవ్వబోయి ఏడ్చాడు బాపు కింద ఉపసర్పంచ్‌గా చేసిన సిద్ధిరాములు. విస్తరి దిక్కు తిరిగి, "సర్పంచ్ సాబ్, మన ఊరోళ్లల్ల మిగిలినోళ్లకు గూడ ఇండ్లు ఇప్పించేదాక మేం ఊకోం. తిను."

రాలేదు.

నేను చేతులు జోడించాను. "బాపూ, చెల్లెను నేను చదివిస్తా. అమ్మను మంచిగ చూసుకుంటా. రా బాపూ."

ఆకాశం ఖాళీగానే ఉంది. బాపు మనసులో ఇంకా ఏం బాధ ఉందో తెలియక అందరం ఏడ్చాం.

అమ్మ మెల్లగా లేచింది.

"ఆయనకు కోరికేం లేదు బిడ్డా. కాకి వాలనీకి గీడ ఒక్క చెట్టన్న ఉన్నదా? మన కాకులు మన చింతచెట్ల మీదనే ఉండిపొయినయ్."

విస్తరి చేతుల్లోకి తీసుకుంది. "నడువుండ్రి, మన ఊరికి పోదాం."

ఊరు మల్లన్నసాగర్ రిజర్వాయర్ నీళ్ల కింద మునిగి ఉందని ఎవ్వరం అనలేకపోయాం. అమ్మ వెనకే కదిలాం.