గోడవైపు చూడని మనిషి

కెమెరా కంటికి ఆనించి డ్రాయింగు మాస్టారు ఒక్కో అడుగే వెనక్కి వేస్తున్నారు. వీపుకి ఎవరో తగిలారు.

తిరిగి చూశారు. అరవై దాటిన మనిషి. వెలిసిన నీలం చొక్కా, చంకలో గొడుగు.

తప్పుకోమని మాస్టారు చెయ్యి ఊపారు. ఆ మనిషి తప్పుకున్నాడు గానీ, రెండడుగులే.

పాత బజారు వీధి పొడుగునా గోడల మీద బొమ్మలున్నాయి. ఎవరెవరో, ఎప్పుడెప్పుడో వేసినవి. కుట్టుమిషను తొక్కే చేప. నిచ్చెనెక్కి చందమామకు సున్నం కొట్టేవాడు. పన్నెండు కిటికీల్లోంచి తొంగిచూసే ఒకే ముసలమ్మ.

రోడ్డు వెడల్పు చేస్తారట. నెలాఖరుకి గోడలన్నీ పడిపోతాయి.

మొత్తం నలభై మూడు బొమ్మలు. ఒక్కటీ పోకుండా ఫొటో తీసి పుస్తకం వేయాలని మాస్టారి పట్టుదల. బడి వదిలాక దొరికేది గంటసేపు వెలుతురు. అందులోనే తీయాలి.

పెద్ద గోడ ఫొటోలో పట్టాలంటే వెనక్కి జరగాలి. వెనకేమో రోడ్డు. కెమెరా కంటికి ఆనిందంటే మాస్టారికి వీపు వెనక లోకమే ఉండదు. ఒకసారి కాలువలో దిగారు. ఇంకోసారి టమాటాల గంపలో దిగారు.

"కాళ్ళు వెనక్కుండేది దయ్యాలకేనని మా అమ్మమ్మ చెప్పేది. మీ సంగతి ఆవిడకి తెలీదు పాపం" అంటుంది ఇంటావిడ.

మర్నాడూ ఆ మనిషి కనిపించాడు. మూడోనాడూ అంతే. మాస్టారు ఏ గోడ దగ్గరుంటే ఆ గోడ దగ్గర, తోకలాగా. ఏమీ అమ్మడు, ఏమీ అడగడు.

వింత ఏమిటంటే, దారినపోయే వాళ్ళంతా బొమ్మవైపు చూస్తారు. ఈయన మాత్రం గోడకి వీపు తిప్పి నిలబడతాడు.

మాస్టారు కెమెరా సంచీని వీపు మీంచి పొట్ట మీదికి మార్చుకున్నారు.

వారం చూసి, ఇక ఉండబట్టలేక అడిగేశారు.

"ఏం పెద్దాయనా, రోజూ నా వెనకే ఉంటున్నారు?"

"ఊరికేనండి. బొమ్మలు బాగుంటాయని."

"బొమ్మ అటుంటే మీరు ఇటు చూస్తున్నారే?"

ఆ మనిషి నవ్వీ నవ్వనట్టు నవ్వాడు.

"అటు మీరు చూస్తున్నారుగా మాస్టారూ. ఇద్దరం అటే చూస్తే ఎట్లా?"

దొంగ దొరికినప్పుడు చెప్పే మాట ఇలాగే ఉంటుందనిపించింది మాస్టారికి. నేరుగా వెళ్ళి మలుపులో ఉన్న పోలీసాయనకి చెప్పారు. పోలీసాయన అక్కడికి కొత్త. ఆ మనిషిని పక్కకి పిలిచి ఏదో అన్నాడు.

ఆ మనిషి తలూపి, గొడుగు రెండో చంకలోకి మార్చుకుని నడిచాడు. పది గజాలు పోయి ఒకసారి ఆగాడు. రోడ్డుకి అటూ ఇటూ చూశాడు. వెళ్ళిపోయాడు.

పీడ వదిలిందనుకున్నారు మాస్టారు.

మర్నాటికి ఒక్క బొమ్మ మిగిలింది. ముసలమ్మది, అన్నిటికన్నా పెద్దది. పదకొండు కిటికీలు పట్టాయి, పన్నెండోది పట్టలేదు. మాస్టారు ఒక అడుగు వెనక్కి వేశారు. ఇంకో అర అడుగు.

కూరగాయల వ్యాను మలుపు తిరుగుతోంది.

కెమెరాకి ఏమీ కాలేదు. కాలికే, మోకాలి నుంచి మడమ దాకా కట్టు. నెలన్నర కదలకూడదన్నాడు డాక్టరు. నెలాఖరుకి యంత్రాలు వచ్చాయి. నలభై మూడో బొమ్మ మట్టిలో కలిసింది.

మంచం మీద మాస్టారు గోడవైపు తిరిగి పడుకుంటే, కూతురు ఫోను తెచ్చి పక్కన కూర్చుంది. ఒకరోజు సాయంత్రం తనూ వెంట వెళ్ళింది. అప్పుడు అవతలి పక్కనుంచి తీసిన ఫొటోలట.

"నువ్వు బొమ్మల్ని తీస్తుంటే నేను నిన్ను తీశా నాన్నా. నవ్వు రాకపోతే అడుగు."

మొదటి ఫొటోలో మాస్టారు రోడ్డు మధ్యలో ఉన్నారు. ఒక కన్ను మూసి, నాలిక బయటపెట్టి. ఆయన వీపుకి వీపు ఆనించేంత దగ్గరలో ఆ మనిషి, గొడుగు అడ్డంగా చాచి. గొడుగుకి మూరెడు అవతల ఒక లారీ ఆగి ఉంది.

రెండో దాంట్లో ఆటో. మూడో దాంట్లో రెండు మోటారు సైకిళ్ళు. ఒకతను నోరంతా తెరిచి తిడుతున్నాడు. ఆ మనిషి దణ్ణం పెడుతున్నాడు.

అంత జరుగుతున్నా మాస్టారు మాత్రం అన్నిట్లోనూ చేపనే చూస్తున్నారు.

ఎవరికీ నవ్వు రాలేదు.

"రోజూ అనుకునేదాన్ని, మీరు అసలు క్షేమంగా ఇంటికెట్లా వస్తున్నారా అని" అంది ఇంటావిడ, మెల్లగా.

కట్టు విప్పిన రోజే మాస్టారు కర్ర పట్టుకుని మలుపు దగ్గరికి వెళ్ళారు. అక్కడ చెప్పులు కుట్టే అతనికి ఫొటో చూపించారు. చూడగానే పోల్చాడతను. పెద్దాయన అద్దెకున్న గది కూడా గోడలతోపాటే పోయిందన్నాడు. ట్రంకు పెట్టె నెత్తిన పెట్టుకుని వెళ్ళాడట. ఎటో చెప్పలేదట.

"మీ ఒక్కరికే కాదు మాస్టారూ. చేతిలో కెమెరా ఉన్నవాడు కనబడితే చాలు, ఎంత పనున్నా పోయి వెనకాల నిలబడేవాడు. పిచ్చోడని నవ్వేవాళ్ళు."

ఎందుకలాగని అడిగారు మాస్టారు.

అతను సూది ఆపి, మలుపువైపు చూశాడు.

"బస్సు డ్రైవరుగా చేసేవాడండీ పెద్దాయన. పెళ్ళాంబిడ్డల్ని ఫొటో తీస్తూ వెనక్కి వెనక్కి నడిచిన ఒకాయన, ఇక్కడే ఈయన బస్సు కింద పడ్డాడు."